బావురుకప్ప అరిచిన రాత్రి

వాన వెలిసిన పావుగంటకు మొదలైంది. వండూరులో మేం దిగిన ఇంటి వెనక ఒక వరి మడి, దాన్ని ఆనుకుని చేపల గుంట. మే నెలాఖరు. వేసవి వానలు రెండు మూడు పడిపోయి, అండమాన్‌ను నైరుతి అప్పుడే పట్టుకుంది. టార్చిలైట్లు పట్టుకుని పిల్లలు గట్టు మీదికి పరిగెత్తారు. నీళ్లలో మగ కప్పలు, ఒక్కోటి అరచేతిలో పట్టనంత, నిమ్మపండు రంగులో మెరుస్తున్నాయి. గొంతుకు అటూ ఇటూ నీలిమందు నింపినట్టు రెండు బుడగలు ఉబ్బుతూ తగ్గుతున్నాయి. ఎమ్మెస్సీ జువాలజీ పిల్లలు ఇరవై రెండు మంది, ఇరవై రెండు ఫోన్లు. వర్షారణ్యం పాట అని ఒకమ్మాయి అప్పుడే వీడియోకి పేరు కూడా పెట్టేసింది.

కోనసీమ నుంచి వచ్చిన కుర్రాడొకడు మాత్రం ఫోను జేబులో పెట్టుకుని నా పక్కకొచ్చాడు. "ఇది మా ఊరి బావురుకప్పే కదా సార్? ఇక్కడెందుకుంది?"

"మీ ఊరిదే. ఇక్కడిది కాదు" అన్నాను. మిగతావాళ్లకు నా మాట వినపడలేదు. కప్పలు అంత గట్టిగా అరుస్తున్నాయి.

మన కాలేజీల ఫీల్డ్ ట్రిప్పులన్నీ డిసెంబరు, జనవరిలో పెట్టుకుంటారు. సముద్రం నిలకడగా ఉంటుంది, ఎండ బాధ ఉండదు, ఫోటోలు బాగా వస్తాయి. నేను రిటైరై నాలుగేళ్లయింది. తోడు రమ్మని పాత శిష్యులు అడిగినప్పుడు ఒకే షరతు పెట్టాను: తొలకరికి వెళ్దాం. కప్పలు మాట్లాడే రోజులవి. ఏది అరుస్తోందో, ఏది అరవడం మానేసిందో అప్పుడే తెలుస్తుంది.

అండమాన్ దీవులు మనకంటే బర్మాకు దగ్గర. నేల మీద బతికే జంతువేదైనా అక్కడికి చేరాలంటే ఈదాలి, లేదా కొట్టుకుపోయే దుంగ ఎక్కాలి. అందుకే అక్కడ పులి లేదు, చిరుత లేదు, తనంతట తాను వచ్చిన జింకా లేదు. అడవి పంది, పునుగుపిల్లి, గబ్బిలాలు, చుంచులు, ఎలుకలు. పాలిచ్చే జంతువుల జాబితా దాదాపు అక్కడితో సరి. అడవి నేల మీద జరిగే పనంతా కప్పలు, బల్లులు, తొండలు, పాములు చూసుకుంటాయి. వాటిలో చాలా జాతులు ప్రపంచంలో మరెక్కడా కనపడవు. చెట్లు కొంచెం చుట్టరికం చూపిస్తాయి. అక్కడి పడౌక్ చెట్టు మన శేషాచలం ఎర్రచందనానికీ, మన వేగిసకూ ఒకే ప్రజాతిలో బంధువు. పిల్లలకు ఈ ముక్క చెబితే ఆ చెట్టు దగ్గర ఫోటోల కోసం క్యూ కట్టారు.

బావురుకప్ప అక్కడికి దుంగ మీద రాలేదు, చేపపిల్లల సంచిలో వచ్చింది. కైకలూరు, భీమవరం వైపు వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. చేప సీడు ఎలా పంపుతారో తెలిసిందే: పాలిథిన్ సంచిలో కాసిని నీళ్లు, పైన ఆక్సిజన్, మూతికి రబ్బరు బ్యాండు. ఆ నీళ్లలో చేపపిల్లలతో పాటు నాలుగు తోకకప్పలుంటే ఎవరు చూస్తారు? చూసినా ఎవరు ఏరతారు? ప్రధాన భూభాగం నుంచి వచ్చిన సీడులో కలిసి అవి ఆ గుంటల్లోకి దిగాయి.

ఈ సంగతి ఊహించి చెప్పింది కాదు. నిత్య ప్రకాశ్ మొహంతి, జాన్ మీసీ అనే పరిశోధకులు అక్కడ 90కి పైగా గ్రామాలు తిరిగి, దాదాపు 900 మంది రైతులను, తోట కూలీలను, చేపల చెరువుల వాళ్లను అడిగారు. ఈ కప్పను మొదట ఎప్పుడు చూశారు, ఎక్కడ చూశారు అని. సగానికి మించిన ఊళ్లలో అది అప్పటికే ఉంది. 2000 తర్వాతే కంటపడిందని, ఓ పదేళ్లు తిరిగేసరికి ఊపందుకుందని ఆ జవాబులన్నీ కలిపి చూస్తే తేలింది. మా వ్యాన్ డ్రైవరును అడిగితే అదే చెప్పాడు. వాళ్ల తాతది సోంపేట. యాస ఇంకా పోలేదు. "మా సిన్నప్పుడు ఈ కప్పలు నేవు మాస్టారూ. ఇప్పుడు కోడిపిల్లల్ని కూడా మింగేస్తన్నాయి."

మర్నాడు పొద్దున్నే గుంట అంచున మగ్గుతో నీళ్లు తోడి తెల్లటి స్టీలు పళ్లెంలో పోశాం. అంతకుముందు వానలకు పుట్టినవి కాబోలు, రెండు పెద్ద తోకకప్పలు, ఒక చిన్నది వచ్చాయి. చిన్నది ఏ జాతిదో ఆ వయసులో చెప్పడం నా వల్ల కాదు. తోకకప్పలు నాచు గీక్కుని తింటాయని క్లాసులో చెబుతాం. చాలావాటి విషయంలో నిజమే. బావురుకప్ప పిల్లది మాత్రం మాంసాహారం. భూతద్దం కింద దాని నోరు చూపించాను. నల్లగా, గట్టిగా, చిలక ముక్కులాగా కిందికి వంగిన దవడ. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు వంగి చూస్తుండగానే పెద్దది చిన్నదాని తోక పట్టుకుంది. గింజుకున్నకొద్దీ పట్టు బిగిసింది. మూడు నాలుగు నిమిషాల్లో పళ్లెంలో రెండే మిగిలాయి. ఫోన్లు ఆ వేళ బయటికి రాలేదు.

ఇదే పనిని మొహంతి, మీసీ పద్ధతి ప్రకారం చేశారు. అండమాన్ కప్పలు రెంటిని తీసుకున్నారు. ఒకటి మైక్రోహైలా చక్రపాణీ, పెరిగి పెద్దదైనా రెండు సెంటీమీటర్లుండే బుల్లి కప్ప. ఇంకొకటి కలూలా ఘోషి. వీటి తోకకప్పల మధ్య బావురుకప్ప తోకకప్పలను వదిలారు. స్థానిక కప్పల పిల్లల్లో ఒక్కటీ మిగల్లేదు. 2019లో వచ్చిన ఆ పత్రం శీర్షికే ఆ మాట చెబుతుంది. తొట్టిలో జరిగింది గుంటలో అచ్చంగా అలాగే జరగాలని లేదు. గుంటలో గడ్డి ఉంటుంది, దాక్కునే చోటుంటుంది. అది ఒప్పుకుందాం. కానీ వాన నిలిచిన ఆ చిన్న మడుగుల్లో చక్రపాణీ కప్ప వేల ఏళ్లుగా ఇలాంటి దానితో నీళ్లు పంచుకోలేదు. పెద్ద కప్పల పొట్టలు పరీక్షించినప్పుడు కూడా తిండిలో పెద్ద వాటా చిన్న చిన్న వెన్నెముక జీవులదేనని తేలింది. అంటే నీళ్లలో పిల్లలను పిల్లలు తింటున్నాయి, గట్టు మీద చిన్న జీవులను పెద్ద కప్పలు.

ఇక్కడో మాట. ఇదే కప్పను మనం ఒకప్పుడు కాళ్ల కోసం కోట్ల లెక్కన పట్టి విదేశాలకు అమ్మాం. మడుల్లో పురుగులను తినే నాథుడు లేకుండా పోతున్నాడని గగ్గోలు పుట్టి, 1987లో కేంద్రం ఆ ఎగుమతి ఆపేసింది. ఉండాల్సిన చోట కాళ్లు నరికాం, ఉండకూడని చోటికి సంచిలో పెట్టి పంపాం. కప్ప తప్పేమీ లేదు.

బయటి నుంచి వచ్చింది కప్ప ఒక్కటే కాదు. రాస్ ఐలాండ్‌కు 2018లో నేతాజీ పేరు పెట్టారు గానీ, పడవల వాళ్లు ఇప్పటికీ రాస్ అనే అంటారు. అక్కడ మా పిల్లలకు జింకలు దొరికాయి. దొరికాయి అనే అనాలి, అంత మాలిమి. చుక్కల జింకలు దగ్గరికొచ్చి చేతిలోని బిస్కట్టు అందుకుంటాయి. బ్రిటిష్ వాళ్ల పాడుబడ్డ భవనాల్లో మర్రి ఊడలు, మధ్యలో జింక. ఎవరికైనా కెమెరా తియ్యాలనిపిస్తుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వేట సరదా కోసం తెల్లదొరలు వీటిని అండమాన్ అడవుల్లో వదిలారు. వేటాడే పులి లేదు, చిరుత లేదు. ఈదుకుంటూ దీవి నుంచి దీవికి పాకాయి.

దక్షిణ అండమాన్ అడవిలో జింక పెంటికలు బాగా కనపడిన ఒక చోట ఆపి, పది మీటర్లకు పది మీటర్ల చదరం తాడుతో కట్టించాను. తలెత్తితే మెడ నొప్పి పుట్టేంత ఎత్తు గర్జన్ చెట్లు. ఎండ పొడ కింద పడటం లేదు. అంతా పచ్చదనమే. "ఇప్పుడు పైన చూడకండి. మోకాలెత్తు మొక్కలు లెక్కపెట్టండి, తొండలు లెక్కపెట్టండి" అన్నాను. గంట గడిచింది. జలగలు పట్టాయి, విసుగూ పట్టింది. పుస్తకంలో రెండు తొండలు, వేళ్ల మీద లెక్కపెట్టదగిన మొక్కలు. విశాఖ అమ్మాయి చెమట తుడుచుకుంటూ అంది: "అయినా సార్, నడవడానికి ఎంత బావుందో. పార్కులా ఉంది."

ఆ ట్రిప్పులో నన్ను భయపెట్టిన మాట అదే. వర్షారణ్యం పార్కులా ఉండకూడదు. నీడ ఎంత చిక్కగా ఉన్నా నేల మీద పిల్లమొక్కలు కనపడాలి. జింక పెంటికలు ఉన్నచోట నడవడానికి ఇంత వీలుగా ఉందంటే కింది అంతస్తును మేసేసి ఉండొచ్చు. రేపు గర్జన్ చెట్టు పడిపోతే దాని చోట లేవాల్సిన మొక్క ఈపాటికి అక్కడ మోకాలెత్తు ఉండాలి.

మా గంట లెక్క సాక్ష్యం కాదు, పిల్లల కళ్లు దించడానికి చేసిన పని. సాక్ష్యం వేరే ఉంది. బయటి నుంచి తెచ్చిన ఏనుగులు, జింకలు అండమాన్ చెట్టూచేమను ఏం చేస్తున్నాయో రవూఫ్ అలీ 2004లోనే 'కరెంట్ సైన్స్'లో రాశారు. (ఏనుగుల కథ వేరు. కలప కంపెనీ దివాలా తీసి 1962లో ఇంటర్‌వ్యూ ఐలాండ్‌లో వదిలేసి పోయినవి.) తర్వాత 2016లో మొహంతి, ఆయన సహచరులు తొండల లెక్కలు తీసి మరో అడుగు ముందుకు వేశారు. జింకలు మేసిన చోట కింది పొదలు పలచబడ్డాయి, పొదలు పలచబడ్డ చోట నేల మీద, మొదళ్ల మీద తిరిగే తొండలూ బల్లులూ ఐదో వంతుకు పడిపోయాయి. జింక తొండను తినదు. తొండ ఉండే ఇంటిని తింటుంది.

పసిఫిక్‌లో గువామ్ అనే దీవి ఉంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సైనిక సరుకులతో పాటు ఒక గోధుమ రంగు చెట్టు పాము అక్కడ దిగింది. అడవి పక్షులు ఒక్కొక్కటే మాయమయ్యాయి. పురుగుమందులన్నారు, జబ్బన్నారు. కారణం పామేనని జూలీ సావిడ్జ్ అనే పరిశోధకురాలు నిరూపించేసరికి 1980లు వచ్చాయి. 12 అడవి పక్షి జాతుల్లో 10 అప్పటికే పోయాయి, లేదా పోయే దారిలో ఉన్నాయి. విమానంలోంచి చూస్తే గువామ్ అడవి ఇప్పటికీ పచ్చగానే ఉంటుంది. ఉపగ్రహ చిత్రంలో అయితే ఇంకా పచ్చగా. మనం అడవి బావుందో లేదో చెప్పడానికి చూసేది ఆ పచ్చదనాన్నే. అండమాన్ విషయంలో అదృష్టం, కారణం ముందే తెలిసింది. బావురుకప్ప వచ్చి పాతికేళ్లు. గువామ్ లెక్కన చూస్తే ఇంకా ఆలస్యం కాలేదు, కానీ మొదట్లోనూ లేం.

కారణం తెలిసింది కదా, ఏదో ఒకటి చెయ్యొచ్చు కదా అని పిల్లలడిగారు. ఇక్కడే చిక్కు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించినప్పుడు, బయటి నుంచి వచ్చి పాడుచేసే జాతుల మాట మొదటిసారి అందులో చేరింది. వాటి దిగుమతిని, పెంపకాన్ని, వ్యాప్తిని అదుపు చేసే అధికారం కేంద్రానికి వచ్చింది. సంతోషమే. కానీ నిర్వచనం చదవండి: భారతదేశానికి స్థానికం కాని జాతి. రెండో యుద్ధ కాలంలో జపాన్ వాళ్లతో అండమాన్‌కు చేరిందని చెప్పే ఆఫ్రికా నత్త ఆ మాటకు సరిపోతుంది. చుక్కల జింక సరిపోదు. బావురుకప్పా సరిపోదు. రెండూ భారతీయ జీవులే. అందులోనూ జింక అదే చట్టం కింద రక్షణ ఉన్న జంతువు. సముద్రం మధ్య 1,200 కిలోమీటర్లు దాటించి తెచ్చినా, కాగితం మీద అది తన దేశంలోనే ఉంది. దీవి అనేది ఒక దేశమంత వేరైన సంగతి అని ఆ నిర్వచనం రాసినప్పుడు ఎవరూ ఆలోచించినట్టు లేదు. ఒక్క మాట మారిస్తే చాలు. 'భారతదేశానికి' అన్నచోట 'ఆ ప్రాంతానికి' అని రాయాలి.

తీరం గురించి తక్కువే చెబుతాను, అది నా శాఖ కాదు. చిడియాటాపు దగ్గర నీళ్లలో నిలువునా ఎండిన మాన్లు చూసి పిల్లల మొహాలు వాడిపోయాయి. 2004 డిసెంబరు 26 భూకంపంలో దీవులు తక్కెడలా ఊగాయి. ఉత్తరాన తీరం మీటరుకు పైగా పైకి లేచింది, పోర్ట్ బ్లెయిర్ వైపు మీటరు దాకా దిగింది. ఉప్పునీళ్లు వచ్చి చెట్లు చచ్చాయి. చూడ్డానికి దారుణమే. కానీ వండూరు దారిలో సిప్పీఘాట్ దగ్గర అలాగే మునిగిపోయిన పొలాల్లో ఇప్పుడు కొంగలు మేస్తున్నాయి. భూకంపం దెబ్బకు దీవులు అలవాటు పడ్డాయి, అవి పుట్టిందే అలా. పాత ఇరవై రూపాయల నోటు వెనక ఉన్న లైట్‌హౌస్ ఉన్న చోటు, నార్త్ బే, అక్కడ అద్దం అడుగున్న పడవలో కూర్చుంటే పిల్లలు మళ్లీ హుషారయ్యారు. కింద చేపలున్నాయి మరి. చేపల వెనక విరిగి, నాచు పట్టిన పగడాల రాళ్లను ఎవరూ అడగలేదు. 2010 మేలో సముద్రం వేడెక్కినప్పుడు హావ్‌లాక్ దీవి దగ్గర పగడాల్లో దాదాపు 70 శాతం, ఈ నార్త్ బేలో 40 శాతం పైన తెల్లబారాయి. 2016లో మళ్లీ వేడి వచ్చింది. ఏడవాల్సిన చోట నవ్వి, ఊరుకోవాల్సిన చోట ఏడ్చాం. పిల్లల తప్పు కాదు. చూడటం మేం నేర్పలేదు.

దక్షిణాన ఉన్న గ్రేట్ నికోబార్ దీవి సంగతి తెలుగు పత్రికల్లో పోర్టుగా, పెట్టుబడిగా వస్తోంది. అక్కడి గలాథియా అఖాతం లెదర్‌బ్యాక్ తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక. దాన్ని అభయారణ్యాల జాబితా నుంచి 2021 జనవరిలో తీసేశారు. ఓడరేవు, విమానాశ్రయం, టౌన్‌షిప్ కలిపిన ప్రాజెక్టుకు 2022లో పర్యావరణ అనుమతి వచ్చింది. 130 చదరపు కిలోమీటర్ల అడవి అందులో పోతుంది. బదులుగా మొక్కలు నాటేది హర్యానాలో. చెట్ల సంఖ్య మీద, ఆదివాసీ షోంపెన్‌ల మీద వాదనలు జరుగుతూనే ఉన్నాయి, జరగాలి కూడా. నా వృత్తి నాకు చూపిస్తున్నది ఇంకొకటి. ఎనిమిది వేల చిల్లర జనం ఉన్న దీవికి లక్షల మందిని తెస్తే, వాళ్ల వెంట మట్టి వస్తుంది, కూరగాయలొస్తాయి, పూలకుండీలొస్తాయి, పిల్లులు, కుక్కలు, చేప సీడు వస్తాయి. రోజూ కంటెయినర్లొస్తాయి. అండమాన్‌కు బావురుకప్ప రావడానికి చేప సీడు సంచులే చాలాయి. పర్యావరణ ప్రభావ నివేదికలో చెట్టును లెక్కపెట్టొచ్చు. ఇంకా రాని కప్పను లెక్కపెట్టడానికి అందులో గడి లేదు.

మన విశ్వవిద్యాలయాల ఫీల్డ్ ట్రిప్ రిపోర్టులు ముప్పై ఏళ్లు దిద్దాను. ముందు పేజీలో గుంపు ఫోటో, తర్వాత చూసిన జాతుల జాబితా, చివర కృతజ్ఞతలు. జాబితా అంతకుముందు ఏడాది సీనియర్ రాసిందే, ఒక్కోసారి అక్షర దోషాలతో సహా. చూసినవే రాస్తారు. గంట వెతికినా కనపడనిది ఒక్కరూ రాయరు. నేనూ అడగలేదు. ముప్పై బ్యాచ్‌లు అదే చోట అదే పది మీటర్ల చదరం కట్టి తొండలు లెక్కపెట్టి ఉంటే, ఈ రోజు నా దగ్గర ముప్పై అంకెలుండేవి. ఏ పరిశోధనా సంస్థకూ అంత పొడవైన వరస సులువుగా దొరకదు. ఇప్పుడు నా దగ్గరున్నది రెండు తొండలు, ఒక తేదీ. ఈ ఏడాది వెళ్లే మాస్టార్లకు ఆ చదరం ఎక్కడుందో గుర్తులతో సహా ఇస్తాను, అడగండి. అరకులో అయినా, మారేడుమిల్లిలో అయినా, కోరింగ మడ అడవిలో అయినా ఇదే పని చెయ్యొచ్చు. తాడు, పెన్సిలు, ఒక గంట చాలు.

దీవుల్లో చుట్టాలున్న ఉత్తరాంధ్ర వాళ్లకు, చేప సీడు వ్యాపారం చేసేవాళ్లకు ఇంకొక విన్నపం. సంచి విప్పాక నేరుగా చెరువులో వదలకండి. ముందు తెల్లటి పళ్లెంలో పోసి చూడండి. చేపపిల్లకు తోక చివర ఈకల్లా విడివడిన రెక్క ఉంటుంది. గుండ్రటి తల, ఆకులా ఒకే ముక్కగా తోక, నోటి దగ్గర నల్ల గీత కనపడితే అది చేప కాదు. దాన్ని ఏరి పక్కన పెట్టండి, చెరువులోకి పోనివ్వకండి.